కాగితాన్ని అడిగిన మనిషి

“ఎవరక్కడ?”

కాగితం మీది నల్లటి మనిషి బొమ్మను గద్దించాడు ముసలాయన.

ఈల మోగి గడువు మొదలైనా తుపాకీ పేల్చలేదు.

తుపాకీ శిక్షణ క్లాసంతా గొల్లున నవ్వింది.

“అది జవాబు చెప్పేలోపు నీ టైమైపోతుంది, ఎలాయ్ తాతా!” అరిచారెవరో.

పక్కనే గురిపెట్టి నిలబడ్డ డెల్ఫీనా ఆ కేకకు ఉలిక్కిపడింది. ఆమె పేల్చిన తూటా బొమ్మను దాటిపోయి వెనక మట్టిగట్టులో దిగబడింది.

ఆమెకు నవ్వు రాలేదు. తను వదిలేసిన మొగుడు త్వరలో జైలు నుంచి బయటికొస్తున్నాడు. తుపాకీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరగాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే ఈ పరీక్ష నెగ్గాలి.

“ఇంకో అవకాశం ఇస్తా, డెల్ఫీనా,” అన్నాడు శిక్షకుడు తాపియా. “ఇదే ఆఖరు.”

ముసలాయన ఆమె వైపు వంగాడు.

“తల్లీ, ముందు నోరు విప్పి అడుగు. ఆ తర్వాతే వేలు కదుపు.”

“నన్ను చంపడానికొచ్చేవాడి ఊరూ పేరూ అడగాలా? మీకు చేతకాకపోతే ఇంట్లో కూర్చోండి! నా పరీక్ష ఎందుకు చెడగొడతారు?”

ఎలాయ్ కదల్లేదు.

“ఒక్కసారి అడుగు. నా కోసం.”

ఎలాగైనా వదిలించుకోవాలని గొణిగింది.

“ఎవరక్కడ...”

“వాడికి వినబడలేదు.”

“ఎవరక్కడ!”

మళ్ళీ నవ్వులు. చెవులు మండిపోతుంటే, ఆ కోపంలోనే కాల్చింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

ఎలాయ్ మాత్రం తప్పాడు. టోపీ తీసి అందరికీ తల వంచి వెళ్ళిపోయాడు. డెల్ఫీనా అటు చూడనైనా లేదు.

లైసెన్సు చేతికొచ్చింది. మొగుడు ఊళ్ళో దిగాడన్న కబురూ వచ్చింది.

ఆమెకు కాలు నిలవడం లేదు. ఇంటికెళ్ళే దారి రోజూ మార్చేది. కారెక్కే ముందు వెనక సీటు చూసేది. హారన్ మోగితే చెయ్యి బ్యాగులోకి పోయేది.

ఓ సాయంత్రం దుకాణంలో పని ముగించుకుని బయటికొచ్చింది. దీపాలింకా వెలగలేదు. ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి ఎవరో వడివడిగా తనవైపే వస్తున్నారు.

ముఖం కనబడటం లేదు. కోటు కనబడింది. మోచేతి దగ్గర చిరిగిన కోటు. అది వాడిదే.

తుపాకీ చేతిలోకొచ్చింది. వేలు బిగుసుకుంది.

నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఎవరక్కడ?”

“నేనేనమ్మా!” అంది కూతురు మరిసెలా. “చలేస్తుంటే అటక మీది నాన్న కోటు తగిలించుకొచ్చా. నీకు తెచ్చిన మొక్కజొన్న తమాలేలు చల్లారిపోతాయని పరిగెత్తా... అమ్మా, అదేంటి నీ చేతిలో?”

డెల్ఫీనా తుపాకీ నేలమీద పెట్టేసింది.

మర్నాడు పచ్చిమిరపకాయల కూర వండి, గిన్నె గుడ్డలో చుట్టుకుని శిక్షణ మైదానానికి వెళ్ళింది.

“ఎలాయ్‌గారి ఇల్లెక్కడ?”

తాపియా టోపీ తీశాడు.

“ఆలస్యంగా వచ్చావమ్మా. సోమవారమే సమాధి చేశాం.”

గిన్నె వేడి చేతులు కాలుస్తున్నా ఆమె దింపలేదు.

“ఎన్నేళ్ళుగానో ప్రతి క్లాసుకీ వచ్చేవాడు. ప్రతిసారీ తప్పేవాడు. కాదనలేక రానిచ్చేవాణ్ణి,” అన్నాడు తాపియా.

“పాపం, గురి కుదిరేది కాదేమో.”

“గురా? ఒకప్పుడు ఈ జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడు.”

తాపియా దూరంగా గాలికి కొట్టుకుంటున్న కాగితం బొమ్మ వైపు చూశాడు.

“కాగితాన్ని కూడా ఎవరని అడగందే కాల్చని మనిషి... ఆ రోజుల్లో పెరటి గుమ్మంలో, చీకట్లో నిలబడ్డ సొంత కొడుకుని మాత్రం అడగలేదమ్మా.”