డోర్కస్ అనని మాట

“ఆ ఒక్క మాటా నన్నడగొద్దు పాస్టరమ్మా,” అంది డోర్కస్, కాగుతున్న తాటిపాకం మీంచి కళ్ళెత్తకుండానే.

రోటె దీవిలోని ఆ చిన్న ఊరి చర్చికి యోసెబా పాస్టరు. పొయ్యికి ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

“ఏం పెద్ద కోరిక కోరానే? ‘ఇది దేవుని చిత్తం, నీ తప్పేం లేదు’ అని మెసాక్‌తో ఒక్కసారి అను, చాలు. వాడు తిండి మానేశాడు. చెట్టెక్కడం మానేశాడు. నేను వందసార్లు చెప్పినా వినలేదు, నువ్వొక్కసారి చెబితే వింటాడు.”

“దేవుణ్ణి ఇందులోకి లాగకండి. చెట్టెక్కమని మెసాక్ అడిగాడు. మా ఆయన ఎక్కాడు. పట్టుకున్న మట్ట విరిగింది, పడ్డాడు. అంతే.”

“దేవుడికి తెలియకుండా ఏదైనా జరుగుతుందా?”

“తెలియడం వేరు, చెయ్యడం వేరు. లేవండి, పొగ మీ మొహాన కొడుతోంది.”

డోర్కస్ భర్త తోబియాస్, మెసాక్ చిన్ననాటి నుంచి స్నేహితులు. ఇద్దరికీ తాటిచెట్లు గీయడమే బతుకు. ఆ రోజు పొద్దున్నే మెసాక్ దుప్పటి కప్పుకుని, ఒళ్ళు కాలిపోతోందని చెప్పి, తన చెట్లు కూడా గీసిపెట్టమన్నాడు. తోబియాస్ నవ్వి, “పడుకోరా ముసలోడా,” అని వెళ్ళాడు. అతను మలుపు తిరగ్గానే మెసాక్ లేచి చొక్కా తొడుక్కుని పట్నంలో గుర్రప్పందేలకు పోయాడు. సాయంత్రం ఈల వేసుకుంటూ తిరిగొచ్చేసరికి డోర్కస్ వాకిట్లో చాప మీద తోబియాస్ శవం ఉంది.

ఊరంతా ఏడ్చింది. చర్చిలో పాట ఎత్తుకునే గొంతు అతనిదే. ఎవరి ఇంటికప్పు చెదిరినా పిలవకుండా వచ్చి తాటాకు కప్పే చేతులు అతనివే. డోర్కస్ మాత్రం ఏడవలేదు. అప్పట్నుంచి ప్రార్థనలో అందరూ తల వంచితే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటోంది. రాతిగుండెది, మెసాక్‌ని చచ్చేదాకా క్షమించదు అనుకున్నారు జనం. అలాగని మెసాక్ పిల్లలకు పాకం పంపడం ఆమె ఒక్క వారమూ మానలేదు. అదెందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

యోసెబా అక్కణ్ణుంచి మెసాక్ ఇంటికి వెళ్ళింది. అతను పశువుల దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది.

“వదిన ఆ మాట అందా?” అన్నాడు.

“అనలేదు. నేనంటున్నానుగా. తోబియాస్ రోజులు దేవుడి చేతిలో ఉన్నాయి. నీ చేతిలో లేవు.”

“అయితే నన్ను పందేలకు పంపింది దేవుడేనా? జ్వరమని నా నోట చెప్పించింది కూడా ఆయనేనా?”

“అబద్ధం నీది.”

“చావు?”

“దేవుడిది.”

“నా అబద్ధం లేకపోతే ఆ చావు లేదు కదా పాస్టరమ్మా. మరి నాది ఎక్కడ ఆగింది, ఆయనది ఎక్కడ మొదలైంది?”

యోసెబా అతని పక్కనే నేల మీద కూర్చుంది. “చదువుకునేటప్పుడు దీనికి పెద్ద జవాబే రాశాను. అప్పుడది సరిపోయింది. ఇప్పుడు నీ మొహం చూస్తూ ఆ జవాబు చెప్పలేను. రెండూ నిజమేనని నమ్ముతాను, అంతే.”

“మీకేం, నమ్మి పడుకుంటారు,” అన్నాడు మెసాక్. అని వెంటనే తల దించుకున్నాడు. “తప్పుగా అన్నాను. పోనీ, దేవుణ్ణే అడుగుతాను.”

ఆ మాటకి అర్థమేమిటో మర్నాడు మధ్యాహ్నం గానీ తెలియలేదు. పుల్లలేరుకోవడానికి వెళ్ళిన డోర్కస్ తలెత్తి చూస్తే, తోబియాస్ పడిన చెట్టు మీద సగం ఎత్తున మెసాక్ ఉన్నాడు. నడుముకు మోకుతాడు లేదు. గాలికి చెట్టు ఊగుతోంది.

“మెసాక్! దిగు!”

“నువ్వెళ్ళు వదినా. నాది తప్పయితే దేవుడు నన్ను వదిలేస్తాడు. కాకపోతే పట్టుకుంటాడు. ఆయన్నే తేల్చమన్నాను.”

“పిచ్చెక్కిందా? పిల్లలున్నవాడివి!”

“అయితే నువ్వు చెప్పు. దేవుని చిత్తమని ఒక్కసారి అను, దిగిపోతాను.”

డోర్కస్ పుల్లలు పారేసి చెట్టు మొదట్లోకి పరిగెత్తింది. “ముందు దిగు!” అంది. మెసాక్ ఇంకో మూర పైకి పాకాడు. అతని కాలు జారింది. మళ్ళీ నిలదొక్కుకున్నాడు. ఎండిన మట్ట ఒకటి ఊడి ఆమె పక్కనే పడింది.

“నువ్వు చంపలేదురా!” అని ఆమె గావుకేక పెట్టింది. “ఎవరు చంపారో నాకు తెలుసు. నువ్వు దిగు, చెబుతాను. తోబియాస్ మీద ఒట్టు!”

మెసాక్ అలాగే చెట్టును కరుచుకుని ఉండిపోయాడు. తర్వాత మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టాడు. గుండెలూ అరచేతులూ చెక్కుకుపోయి రక్తం కారుతుంటే వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

డోర్కస్ కొంగుతో అతని చేతులు తుడిచింది.

“ఇన్నాళ్ళూ నేరం నీ మీద ఉంటే చాలనుకున్నాను మెసాక్. నీదయితే అది నీ దగ్గరే ఆగిపోతుంది. పాస్టరమ్మ చెప్పినట్టు దేవుడి పని అని ఒప్పుకుంటే నేను బతకలేను.”

“ఎందుకు వదినా? తోబియాస్ దేవుడిలాంటి మనిషి. దేవుడే పిలుచుకున్నాడనుకుంటే నీకు ఓదార్పే కదా?”

“మీ అందరికీ పాటలు పాడిన మనిషి వేరు. ఇంట్లోకొచ్చి తలుపు వేసుకుని నన్ను కొట్టే మనిషి వేరు.”

మెసాక్ తెల్లబోయి ఆమె మొహంలోకి చూశాడు.

“నా మొగుణ్ణి తీసుకుపొమ్మని రోజూ ప్రార్థించింది నేనే.”