పద్నాలుగో సంపుటం

"ఇది నేను రాసింది కాదు గోవిందసామీ," అంటూ అధికారి ఆ జాబితాను బల్ల మీద అతని వైపు తిప్పాడు. "కింద ఆధారం కూడా ఇచ్చారు, చూడు."

గోవిందసామి వంగి చదివాడు. దొంగతనమే వంశవృత్తి అని సర్కారు తేల్చిన కులాల్లో తమ కులం పేరుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక ఇంగ్లీషు పత్రిక పేరు, పద్నాలుగో సంపుటం, రెండు వందల పన్నెండో పుట. తమ ఆచారాల మీద ఎవరో పండితుడు రాసిన వ్యాసమట.

"మావాళ్లు గొర్రెలు మేపుకుని బతికేవాళ్లు సార్. నేను బడిలో పాఠం చెప్పి, సాయంత్రం స్టేషనుకు పోయి వేలిముద్ర వేసి వస్తాను."

"నిజమే కావచ్చు. కానీ పండితుడి రాతను నోటిమాటతో కొట్టెయ్యలేను. ఆ వ్యాసం నకలు తీసుకురా. అందులో తప్పెక్కడుందో చూపించు. పైకి రాస్తాను."

ఆయన చెడ్డవాడు కాడు. తిట్టి పంపేవాడైతే గోవిందసామికి ఇంత దిగులు ఉండేది కాదు.

ఇంట్లో తండ్రి బైరప్ప అరుగు మీద మోకాళ్లకు ఆముదం రాసుకుంటున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. రోజూ పొద్దు వాలేలోగా రెండు మైళ్లు నడిచి స్టేషనులో హాజరు వేయించుకోవాలి. కూతురు పొన్నిని హొగేనక్కల్‌లో బుట్టపడవ నడిపేవాడికిచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఆ ఇంట్లో ఆయన ఒక్క రాత్రి కూడా పడుకుని ఎరగడు.

"ఆ రాసింది తప్పని రుజువు చేస్తే మన పేరు కొట్టేస్తారంట నాయనా."

"తప్పెట్లయితుందిరా? సదువుకున్నోళ్లు ఊరికే రాస్తారా? మా తాత సేలం సంతలో ఎవరిదో ఎద్దుతో పట్టుబడినాడని చెప్పుకునేవాళ్లు. ఆయప్ప పనే అయ్యుంటుంది. ఒకడు చేసింది అందరం మోస్తా ఉండాము."

పెద్దలకు పెట్టుకునే రోజున ఆ తాత పేరున మాత్రం బైరప్ప ముద్ద పెట్టనిచ్చేవాడు కాడు.

ఊరు దాటి పోవడానికి గోవిందసామికి మూడు రోజుల పాసు దొరికింది. ధర్మపురి రైలు పట్టాలు యుద్ధానికని పీకేశారు కనుక, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడుపుతున్న బస్సులో మొరప్పూరు చేరి చెన్నపట్నం బండెక్కాడు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వడివేలు అనే ఉద్యోగి అతన్ని గుమ్మంలోనే ఆపాడు. ఆచార్యుడి ఉత్తరం లేనిదే బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదు. ఒక పూటంతా అర్థశాస్త్ర ఆచార్యుడి గది ముందు నిలబడితే, ఆయన విషయం విని, 'ఈయన మా గ్రామ సర్వేకు సాయపడుతున్నారు' అని నాలుగు ముక్కలు రాసిచ్చాడు.

వడివేలు కార్డుల సొరుగు లాగాడు. పత్రిక పేరు దొరికింది. 'ఒకటో సంపుటం నుంచి' అని రాసి, పక్కన గీత గీసి వదిలేశారు. గీత తర్వాత అంకె లేదు. అలమరలో తోలు అట్టల సంపుటాలు పదమూడు ఉన్నాయి. ఆ తర్వాత ఖాళీ.

"బాంబులు పడతాయని చాలా పుస్తకాలు పెట్టెలకెత్తి వేరే ఊళ్లకు పంపించేశారు," అన్నాడు వడివేలు. "మీది వాటిలో పోయుంటుంది."

"ఎప్పుడు తెస్తారు సార్?"

"యుద్ధం అయిపోవాలి."

"నా పాసు రేపటి వరకే." గోవిందసామి కాగితం తీసి చూపించాడు.

వడివేలు చదివాడు. చదువుతూనే అతని చెయ్యి జేబు మీదికి పోయింది. మరుక్షణం సిగ్గుపడి, బయటికి తీసుకుపోయి కాఫీ తాగించాడు. "మీరు మళ్లీ రానక్కర్లేదు. నేను వెతికి రాస్తాను," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మొరప్పూరు దాటాక బస్సు ఆగిపోయింది. ఒక రోజు ఆలస్యమైంది. ఆ నేరానికి ఏడాదిపాటు పాసు లేదన్నారు.

ఆ ఏడే బైరప్ప మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. నడవలేకపోయినా హాజరు తప్పదు. బడి వదలగానే గోవిందసామి తండ్రిని వీపున ఎక్కించుకుని స్టేషనుకు మోసేవాడు. దారిలో ఎదురైన పిల్లలు నమస్కారం పెడితే, తిరిగి పెట్టడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు.

వడివేలు మాట తప్పలేదు. కలకత్తాకు రాశానని, వాళ్ల దగ్గరా లేదన్నారని ఒక ఉత్తరం వచ్చింది. బొంబాయిలోనూ లేదని ఇంకొకటి. ఈలోగా అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయనా మర్యాదగానే కూర్చోబెట్టి, "ముందు ఆ వ్యాసం తెండి," అన్నాడు.

గోవిందసామి అందులో ఏముంటుందో ఊహించుకుని, రెండు నోటుబుక్కుల నిండా జవాబులు రాసిపెట్టుకున్నాడు. ఇంకా చూడని దానితో రోజూ వాదిస్తూనే ఉన్నాడు.

యుద్ధం ముగిసింది. నలభై ఆరులో, ఎండలు ముదిరే వేళ, వడివేలు నుంచి దళసరి కవరొకటి వచ్చింది. పెట్టెలన్నీ తిరిగొచ్చాయని, ప్రతి ఒక్కటీ తానే విప్పి చూశానని రాశాడు. అప్పటికీ తేలక లండన్‌లోని ప్రచురణకర్తలకే రాశాడట. వాళ్ల జవాబు జతచేశాడు.

గోవిందసామి ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఒకసారి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. అరుగు అంచున కూర్చుండిపోయాడు.

"వచ్చిందా?" అన్నాడు బైరప్ప.

గోవిందసామి కాగితాన్ని మడత పెట్టాడు.

"నేనేమీ అనుకోనులేరా. మనోళ్లు ఏం చేసినారని రాసినాడో ఉండేది ఉన్నట్ల చెప్పు."

"ఆ పద్నాలుగో పుస్తకం అచ్చే కాలేదంట నాయనా."