అంచు మీది మాట

“పూలు బాగున్నాయమ్మా మ్వనాషా. మాటే చప్పగా ఉంది,” అన్నాడు బట్టల కొట్టు గులాం సేఠ్, కాగితాన్ని ఆమె వైపు తోసేస్తూ.

కాగితం మీద జీడిమామిడి పూత, చుట్టూ ఎర్రటి అంచు. అంచు మీద ‘అమ్మ ప్రేమ గొప్పది’ అని రాసి ఉంది.

“అందులో తప్పేముంది సేఠ్?”

“తప్పేం లేదు. అదే తంటా. ఆ మాట ఉన్న కాంగా గుడ్డ కట్టుకుని వాకిట్లో నిలబడితే ఎదురింటావిడ ఉడికిపోవాలి. రుకియా మాటలు చూడు! ఆమె కాంగాల జత కొట్లోకి దిగకముందే అడుగుతున్నారు. శుక్రవారంలోగా మంచి మాట తెచ్చావా, ఈద్ సరుకు నీది. లేదంటే అదీ రుకియాకే.”

మొంబాసాలో ఆడవాళ్ళు నోటితో అనలేనిది నడుముకు చుట్టుకుని అనేస్తారు. గుడ్డ మీద పువ్వు ఎంత బాగున్నా, అంచు మీది మాట తేలులా కుట్టాలి. మ్వనాషా ఏ కొట్టులోనూ జీతానికి లేదు. ఇంట్లో కూర్చుని గీస్తుంది, నచ్చినవాళ్ళు కొంటారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ వీధిలో ఆమె పూలదే రాజ్యం. నిరుడు రుకియా వచ్చేదాకా.

వచ్చిందీ మరెక్కడికో కాదు, సరిగ్గా పక్కింట్లోకే. సముద్రపు గాలి కొట్టే తన మేనమామ మేడ వదిలేసి ఈ ఇరుకు సందులోకి ఎందుకు దిగిందో ఎవరికీ అంతుపట్టలేదు. రెండిళ్ళ పెరళ్ళకీ మధ్య ఒక్క పొట్టి గోడ.

“ఈ ఊరి మాట కావాలిట. నాకు తెలియని ఊరా ఇది?” అని గొణుక్కుంటూ మ్వనాషా ఆ వారమంతా ఊరు తిరిగింది. చేపల రేవులో కూర్చుంది. కోట గోడ నీడలో ముసలమ్మలతో కబుర్లాడింది. చెక్కుడు తలుపులన్నీ ఫోటోలు తీసింది. ఇంటికొచ్చి రాయబోతే మళ్ళీ అమ్మ ప్రేమ, దేవుడి దయ. తన చేతిని తానే కొట్టుకోవాలనిపించింది.

గురువారం పొద్దున రుకియా పెరట్లో కొత్త కాంగా ఆరేసింది. తన వైపు కాదు, అక్షరాలు మ్వనాషా వంటింటికి ఎదురుగా వచ్చేట్టు. ‘నా గుమ్మం చూస్తూ కూర్చున్నావు, నీ కూర మాడిపోయింది చూడు.’

మ్వనాషా ఒళ్ళు మండిపోయింది. మండిందన్నది ఒక ఎత్తు, అంత మంచి మాట తనకు తట్టలేదే అన్నది ఇంకో ఎత్తు. తన నాలుక చివర ఉన్నదాన్ని ఎవరో లాక్కుపోయినట్టుంది.

“అక్కా, బాగుందా?” గోడ మీంచి తల పెట్టి అడిగింది రుకియా. “బావగారు తిన్నారా? ఈమధ్య చిక్కిపోయారు. వేడివేడిగా మహమ్రీ బూరెలు వేశాను, పంపనా?”

“ఆయన సంగతి నీకెందుకమ్మా?”

“ఊరికే అడిగాన్లే అక్కా,” అని నవ్వుతూ తల దించేసింది.

మ్వనాషా మొగుడు అథుమాని అప్పుడే టీ గ్లాసుతో పెరట్లోకి వచ్చాడు. ఆరేసిన కాంగా చదివి పకపకా నవ్వాడు.

“భలే ఉందే! ఎక్కడో విన్నట్టుంది కూడా.”

మ్వనాషా చేతిలో గరిటె ఆగింది.

“ఎక్కడ విన్నావు?”

“ఏమో, గుర్తు రావట్లేదు.”

“అది అచ్చయి ఊళ్ళోకి వచ్చిందే నిన్న. దాని నోటినుంచి తప్ప ఎక్కడ వింటావయ్యా?”

“ఒట్టు మ్వనాషా! నేను ఆ ఇంటి గడప తొక్కలేదు.”

“గడప తొక్కకుండా గోడ దూకావా?”

మేడ వదిలి సందులోకి ఎందుకొచ్చిందో, మొగుడి తిండి గురించి రోజూ ఎందుకు అడుగుతుందో, పండక్కీ పబ్బానికీ లేని మహమ్రీలు ఎందుకు వేస్తుందో మ్వనాషాకు ఒక్కసారిగా తెలిసిపోయినట్టయింది. ఈద్ సరుకు పోతే పోయింది. ఇక్కడ సంసారమే పోయేట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళ మీదే కోపం పొంగింది. గరిటె నేలకేసి కొట్టి గోడ వైపు తిరిగింది.

“ఏమే రుకియా! ఆకలైతే అడిగి తిను, నా గిన్నె మూత తీసి చూడకు!”



“మ్వనాషా, ఊరుకోవే, అందరూ వింటున్నారు,” అన్నాడు అథుమాని ఆమె చెయ్యి పట్టుకుని.

“వినమను! నా మొగుడు చిక్కితే నీకెందుకే బెంగ? వాడి ఎముకలు కూడా నావే!”

సందులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. అథుమాని సిగ్గుతో టీ గ్లాసు వెనక దాక్కోబోయాడు. మ్వనాషా గుక్క తిప్పుకుంది, కొంగుతో ముక్కు తుడుచుకుంది, మళ్ళీ అందుకుంది.

“నవ్వుతూ వచ్చి పొయ్యి చూసిపోయేదానా, నిప్పు కావాలంటే మొహమాటం దేనికే! పలకవేం? దొరికిపోయావని నోరు పడిపోయిందా?”

గోడ అవతల కాగితం మీద పెన్సిల్‌తో గబగబా గీకిన చప్పుడైంది. తర్వాత రుకియా గొంతు, ఎంతో గౌరవంగా, బతిమాలుతూ వినిపించింది.

“ఆ మూత మాట ఇంకోసారి అనక్కా, రాసుకుంటా.”