కంచం మీద ఉంగరం

ఏ దేశంలో ఏ ఆడమనిషి భయపడి ఫోన్ అంచు నొక్కినా, ఇంకెక్కడో ఒకామె ఫోన్‌లోనే కాపలాకి వచ్చే రోజులవి. పేర్లు కనబడవు. గొంతులనూ భాషలనూ యంత్రం మార్చేస్తుంది. కాపలా మనిషి ఎర్ర మీట నొక్కితే, ఆ వీధి ఆడవాళ్లంతా క్షణాల్లో వచ్చి తలుపు బాదుతారు.

అనకాపల్లిలో సువర్చల చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ పూట కాపలా కాస్తోంది. కుడి చెవిలో ఓ అమ్మాయి గొణిగింది.

"ఉన్నారా?"

"ఉన్నానమ్మా. భయపడకు."

"అన్నం చల్లారిందని బెల్టు తీశాడు."

వెనక ఎవరో కంచాన్ని ఉంగరంతో కొడుతున్నారు. టక్, టక్, టక్. సువర్చల చేతిలోని కాయ జారిపోయింది. కోపం వస్తే ఆమె మొగుడు అలాగే కొట్టేవాడు. ఆయన పోయాక ఆ ఉంగరం కొడుకు శశాంక్ వేలికెక్కింది. యంత్రం గొంతు మారుస్తుంది గానీ కంచం మోతను మార్చదు.

కాదులే అనుకుంటూనే రెండో ఫోన్‌లో కొడుక్కి రింగ్ చేసింది.

కుడి చెవిలో ఫోన్ మోగింది. "మా అమ్మ. కిక్కురుమన్నావో చంపేస్తా" అంది ఓ పరాయి మగ గొంతు.

ఎడమ చెవిలో శశాంక్ నవ్వాడు. "చెప్పమ్మా! తిన్నావా?"

ఆ వణికే అమ్మాయి తన కోడలే. సువర్చల దెబ్బలు తిన్న రోజుల్లో ఆమె తలుపు ఎవరూ తట్టలేదు. మీట నొక్కేసింది.

"లేదురా. ఫోన్ పెట్టకు, కాసేపు మాట్లాడు."

"ఏంటమ్మా, గొంతు అలా ఉంది?"

రెండు చెవుల్లోనూ ఒకేసారి తలుపు దడదడలాడింది.

"ఉండమ్మా, ఎవరో వచ్చారు."

"తియ్యి నాన్నా," అంది సువర్చల. "వాళ్లని నేనే పంపించాను."