పక్క కుర్చీ

ఆదివారం మధ్యాహ్నం నౌబాద్‌లోని దేవప్ప ఇంట్లో ప్రేమ సినిమాల మీద కొట్లాట మొదలైంది. మొదలుపెట్టించింది దేవప్పే.

"చావులు, ఏడ్పులు నాకొద్దన్నా," అన్నాడు కిరాణా దుకాణం గోపాల్‌రావు. "ముసలోడు, ముసల్ది కొట్లాడుకుంట కొట్లాడుకుంట పెండ్లి చేసుకోవాలె. గది ప్రేమంటే."

"నీ దుకాణంకు అందరు ముసలోళ్లే వస్తరు. గందుకే నీకు గదే రుచి," అన్నాడు దేవప్ప ఇంకో స్నేహితుడు భీమ్‌రావ్.

గోపాల్‌రావు పగలబడి నవ్వాడు. దేవప్ప నవ్వలేదు. ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు.

ఐదేళ్ల కిందట అతని భార్య మహానంద ఒక సినిమాకు వెళ్లొచ్చింది. నడివయసు టీచరమ్మకూ, గడియారాలు బాగుచేసేవాడికీ ప్రేమ. బీదర్‌లో ఒక్క ఆట ఆడి పోయింది. పక్కింటి కన్యకతో వెళ్లానంది. చివర్లో టీచరమ్మ వానలో బస్సు దిగుతుంది, అంతే, చీకటైపోతుంది అని చెప్పింది. ఆ సాయంత్రమంతా ఇంకేం మాట్లాడలేదు.

నిరుడు ఆమె పోయింది. దినాలయ్యాక మాటల్లో కన్యక అంది. "నేనెప్పుడు పోయిన అన్నా ఆ సినిమాకు?"

మరి ఎవరితో పోయింది?

దేవప్ప ఆ సినిమా టీవీలో చూశాడు. టీచరమ్మ బస్సు దిగాక ఇంకా అరగంట ఉంది. వెళ్లి హాలు వాచ్‌మన్‌ను అడిగాడు. ఆ రోజు కరెంటు పోయిందట. జనరేటర్ పనిచేయలేదట. ఉన్న పదిమందీ, ఇలాంటి సినిమాలు ఇట్లాగే ముగుస్తాయనుకుని లేచి పోయారట.

అప్పటినుంచీ కళ్లు మూస్తే ఆ హాలే. మహానంద కూర్చుని ఉంటుంది. పక్క కుర్చీలో ఒక మగవాడు. ముఖం కనిపించదు. పిలిస్తే ఆమె ఇటు తిరగదు. ఫ్యాను చప్పుడులో కూడా వాళ్లిద్దరి గుసగుసలే.

ఇలాంటి సినిమాల పిచ్చి ఉండి, మహానందతో చనువుగా మాట్లాడినవాళ్లు ఈ ఇద్దరే.

"నీకేది నచ్చింది భీమన్నా?" అడిగాడు దేవప్ప.

భీమ్‌రావ్ తల వంచుకున్నాడు. "గడియారాలు బాగుజేసెటోనిది. టీచరమ్మది."

"ఎట్ల ఖతమైతది?"

"వానల బస్సు దిగుతది. గంతే. చీకటి. గసుంటి కథ మళ్ల రాదన్నా."

దేవప్ప లేచాడు. భీమ్‌రావ్ చెప్పులు తీసి వాకిట్లోకి విసిరాడు.

"నడువ్. ఇగ నా గడప తొక్కకు."

"దిమాక్ ఖరాబైందా దేవన్నా?" గోపాల్‌రావు అడ్డం వచ్చాడు.

"ఇంకా అరగంట సినిమా ఉన్నది. గది తెల్వనోళ్లు ఆ దినం హాల్ల ఉన్నోళ్లే. మహానంద పక్కన కూసున్నది వీడే."

భీమ్‌రావ్ కదల్లేదు. జాలిగా చూశాడు.

"నేనా సినిమా సూడనే లేదన్నా. వదినను కాలవెట్టిన దినం, కాష్టం కాడ కూసోని, నా చెయ్యి వట్టుకొని, పొద్దు గూకేదాక గా కథ చెప్పింది నువ్వే గదా."