ఎలకలు నడుస్తన్నాయా అమ్మా?

శ్రావ్య చిట్టెలుకను తిరిగే కడ్డీ మీద నిలబెట్టిందో లేదో, వెనక తలుపు ధడాలున తెరుచుకుంది.

బెదిరిన ఎలుక జారి కింద పడింది. ఆ రోజు పరీక్ష పాడైపోయింది.

"ఎవరండీ? ఇక్కడికి రాకూడదు!"

గుమ్మంలో ఒక మనిషి. యాభై దాటి ఉండవు, డెబ్బై ఏళ్లవాడిలా వంగిపోయాడు. చేతులు, తల ఒకటే వణుకు.

"రేపల్లె అవతల్నించి వచ్చానమ్మా. పోతురాజునండి. ఎలకల్ని చూసెల్దామని."

తెనాలిలోని ఆ ఫార్మసీ కాలేజీలో మూడేళ్లుగా శ్రావ్య పరిశోధన ఇదే. మెదడు కణాల్లో ఒక ప్రొటీను ఆగకుండా తప్పుడు కబురు పంపుతుంటే కణాలు చచ్చిపోతాయి, ఒళ్లు వణుకుతుంది. ఆ ప్రొటీను నోరు మూయించే మందును, ఆ జబ్బుతో పుట్టించిన ఎలుకల్లో సగం వాటికి ఇస్తోంది.

మందు కోసం వచ్చాడనుకుంది.

"ఇది మనుషులకి కాదండి. ఇంకా చాలా ఏళ్లు పడుతుంది."

"నాకొద్దు తల్లీ. మందేసినయ్యి నడుస్తన్నాయా?"

"బయటివాళ్లకి చెప్పకూడదండి," అంటూ వాచ్‌మన్‌ను పిలిచింది.

పై సోమవారం రైలు దిగి మళ్లీ వచ్చాడు. ఆ పైవారం కూడా. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గరే నిలబడేవాడు.

ఒక సాయంత్రం ఆమె బాపట్ల బస్సు కోసం పరిగెడుతుంటే అడ్డొచ్చాడు.

"మందెయ్యని వాటికి మేత నానబెట్టి పెట్టమ్మా. ఆకలుంటది గానీ దవడ ఆడదు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంటది."

"మా పని మాకు తెలుసులెండి."

నాలుగో రోజు పొద్దున, మందు ఇవ్వని ఎలుకలు మూడు చచ్చిపడి ఉన్నాయి. ఒళ్లు ఎముకల గూడు. నోటినిండా గట్టి మేత.

శ్రావ్యకు పోతురాజు మాట గుర్తొచ్చింది.

ఆ పూటే మేత నానబెట్టింది. మిగిలినవి బతికాయి. లేకపోతే పోల్చి చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు, మూడేళ్ల పనీ మట్టిపాలయ్యేది.

నెల తిరిగేసరికి మందు పడ్డ ఎలుకలు కడ్డీ మీద జారకుండా నడిచాయి.

ఆ మాట చెబుదామని సోమవారం గేటు దగ్గర కాచుకుంది. రేపల్లె రైలు వచ్చి వెళ్లింది. పోతురాజు రాలేదు. పై సోమవారమూ రాలేదు.

ప్రొఫెసర్ బసవేశ్వరరావును అడిగింది.

"సార్, రేపల్లె నుంచి పోతురాజని ఒకాయన..."

"పోయాడమ్మా. పది రోజులైంది. చివరికి గంజి కూడా గొంతు దిగలేదట."

"ఆయన మీకు తెలుసా సార్?"

"పన్నెండేళ్ల కింద బాపట్లలో మేం ఈ జబ్బు కోసం శిబిరం పెడితే ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చి పరీక్షకి నెత్తురు ఇప్పించాడు. తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, కూతురు. అందరిదీ ఇదే జబ్బు, ఒక్కొక్కరే పోయారు. ఈ మందు సంగతి ఫోన్లో నేనే చెప్పాను."

శ్రావ్య కిటికీలోంచి గేటు వైపు చూసింది.

"నీ ఎలుకల్లో మనం పెట్టిన జన్యువు," అన్నారాయన మెల్లగా, "అతని నెత్తుట్లో దొరికిందేనమ్మా."