రేసొస్తోంది, రోడ్డెయ్యండి!

“ఇంకోసారి గట్టిగా అతికించవయ్యా! ఆ మూత లేచిందంటే కారుతో పాటు మన పరువు కూడా గాల్లోకి లేస్తుంది!”

నడిరోడ్డు మీద మోకాళ్ళూని కూర్చుని మ్యాన్‌హోల్ మూతకి వెల్డింగ్ చేయిస్తున్నాడు నగర ఇంజనీరు. ఊళ్ళో అందరూ ఆయన్ని గుంటల ఇంజనీరంటారు. పాపం, అందులో ఆయన తప్పేం లేదు. మార్కెట్ నుంచి పెద్దాసుపత్రి దాకా రోడ్డు వెయ్యాలని ఏటా అడగడం, ‘నిధుల్లేవు’ అనిపించుకోవడం, తిరిగొచ్చి గుంటల్లో కంకర పోయించడం. ఆయన ఉద్యోగమంతా ఇలాగే గడిచింది.

ఇంట్లోనూ సుఖం లేదు. ఆయన భార్య అంబులెన్సు డ్రైవరు.

“ఏవండీ, మీ రోడ్డు పుణ్యమా అని నా బండెక్కిన వాళ్ళకి ఉన్న రోగం కాక ఇంకో రెండు తగులుకుంటున్నాయి” అనేది. ఓసారి మార్కెట్ మలుపు దగ్గర బండి గుంటలో దిగబడి, లోపల ఉన్న ఆవిడకి అక్కడే కాన్పయిపోయింది. ఆ రోజు భార్య బురద చెప్పులు ఆయన ముందు విడిచి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

అలాంటి ఊరికి అంతర్జాతీయ కార్ల రేసు రాబోతోందని మేయరమ్మ ప్రకటించింది!

సమావేశంలో ఆవిడ చెబుతుంటే అధికారులు తెరిచిన నోళ్ళు మూయలేదు. “రేసంటే కార్లొచ్చి గిరగిరా తిరిగి పోవడమనుకుంటున్నారా? విమానాల నిండా పెట్టెలు దిగుతాయి. టైర్లకే ఓ గోదాం కావాలి. వాటిని మోసే లారీలు ఎక్కడా ఇరుక్కోకూడదు. ఎవరికైనా దెబ్బ తగిలితే క్షణాల్లో ఆపరేషన్ బల్ల మీదుండాలి. ఆ కార్ల ఊపుకి మ్యాన్‌హోల్ మూతలు కూడా లేచిపోతాయి, అన్నీ అతికించాలి.”

“మరి ఖర్చో?” ఖజానా అధికారి గుండె పట్టుకున్నాడు.

“నిజమేలెండి. పొరుగూరి వాళ్ళకి వదిలేద్దామా?”

ఆయన గుండె మీది చెయ్యి తీసి బల్ల మీద గుద్దాడు. “ప్రాణం పోయినా సరే, వదిలేది లేదు!”

అన్నాళ్ళూ లేని నిధులు పుట్టలోంచి చీమల్లా బయటికొచ్చాయి. వీధి దీపాల ఖర్చు మాదంటే మాదని హోటళ్ళ వాళ్ళు పోట్లాడుకున్నారు. నగల వర్తకులు ఆసుపత్రి అత్యవసర వార్డు ఖర్చుని నెత్తికెత్తుకున్నారు. టైర్ల షాపు యజమానైతే ఆనందంలో అప్పుడే గడ్డం కూడా రేసు డ్రైవర్లలా కత్తిరించుకున్నాడు.

ఇంజనీరుకి ఒక్కటే సందేహం. “మేడమ్, బైపాస్ అంత విశాలంగా ఉంటే ట్రాక్‌ని మార్కెట్లోంచి, బడి పక్కనుంచి ఆసుపత్రి సందులోకి పోనిచ్చారేమిటి?”

“మలుపులుంటేనే కదయ్యా రేసు రంజుగా ఉండేది! నువ్వు రోడ్డు వెయ్యి.”

పైగా ఆవిడ ఇంకో బాంబు పేల్చింది. “రేసు మనకివ్వాలో వద్దో తేల్చడానికి తనిఖీకి వచ్చేవాళ్ళు చెప్పి రారు. ఏ వేషంలోనైనా రావచ్చు.”

ఇక చూడాలి తమాషా! ఎవరో కొత్త మనిషి చెప్పులో రాయి తీసుకోవడానికి వంగితే, అక్కడి తారు మళ్ళీ తవ్వి మళ్ళీ పోశాడు కాంట్రాక్టరు. గొడుగులమ్ముకునే ఒకతను పేవ్‌మెంట్ మీద తట్టుకుని పడ్డాడు. ముగ్గురు అధికారులు పరిగెత్తుకొచ్చి, లేపి, దుమ్ము దులిపి, కూల్‌డ్రింకు తాగించి, ఉన్న గొడుగులన్నీ కొనేశారు. మర్నాటికి కొత్త పేవ్‌మెంట్ వచ్చింది. గొడుగులతను ఇంకో వీధికి వెళ్ళి అక్కడా పడ్డాడు.

చివరికి రోడ్డు పూర్తయింది. నల్లగా, నున్నగా, ముఖం చూసుకునేలా మెరిసిపోతోంది. ఆ సాయంత్రం భార్య చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

“ఏవండీ! ఇవాళ నొప్పులొస్తున్న పిల్లని తీసుకెళ్ళానా? పరిగెత్తే బండిలోనే నర్సు ఒక్క పోటుకి సెలైన్ సూది ఎక్కించేసింది! కాన్పు శుభ్రంగా ఆసుపత్రిలోనే అయింది. ఆడపిల్ల. వాళ్ళమ్మ అప్పుడే ‘రేసమ్మా’ అని పిలుస్తోంది!”

గరిటె చేత్తో పట్టుకునే ఇంజనీరు భార్యని గిర్రున తిప్పేశాడు. కూర మాడింది. మాడనీ అన్నారిద్దరూ.

ఆ సంతోషం మీద ఉండగానే టీవీలో వార్త వచ్చింది. రేసు ఎక్కడో సముద్రాల అవతలి ఊరికి వెళ్ళిపోయిందట. ఊరు ఊరంతా ఉసూరుమంది. పొరుగూరికి దక్కలేదు, అదొక్కటే ఊరట. టైర్ల షాపు యజమాని కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, కొత్త రోడ్డు మీద పిల్లలకి సైకిల్ పందెం పెట్టాడు. ఊళ్ళో వాళ్ళంతా అటూ ఇటూ నిలబడి ఈలలేశారు. ఖజానా అధికారి అయితే స్తంభమెక్కి మరీ వేశాడు.

ఇంజనీరుకి మాత్రం మనసొప్పలేదు. మొహం వేలాడేసుకుని మేయరమ్మ గదికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఏదో కూనిరాగం తీస్తోంది.

“ఎక్కడ తప్పు చేశాం మేడమ్? నా రోడ్డులో ఏమైనా లోపముందా?”

“నీ రోడ్డు బంగారమయ్యా.”

“అయితే వాళ్ళనే నిలదీద్దాం! మన దరఖాస్తు ఎందుకు తోసేశారో కనుక్కుంటే వచ్చే ఏడాదికైనా...”

మేయరమ్మ గబగబా వెళ్ళి తలుపు మూసింది. “అంత పని చెయ్యకు నాయనా, కొంప మునుగుతుంది!”

“ఏం మేడమ్?”

ఆవిడ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

“మనం దరఖాస్తు పెడితే కదా!”